సూర్యాన్నం

మా చెల్లెలు ఈరమ్మకు ఏడో నెలలో ఒడి నింపిన రోజు నాకు వచ్చిన కోపం ఇంకా పోలేదు. పోవాలని నేను కోరుకోవడమూ లేదు. నా కోపం సంగతి మా కాలేజీలో అటెండరు నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరికీ తెలుసు. సుద్దముక్కలు లేకపోతే అరుస్తాను, మైక్రోస్కోపు అద్దం మీద ఎవరైనా వేలు పెడితే అరుస్తాను. అవన్నీ మధ్యాహ్నానికి చల్లారే కోపాలు. ఇది ఆ రకం కాదు.

ఆదోనిలో మా అమ్మ ఇల్లు చిన్నది. హాల్లో పీట వేసి ఈరమ్మను కూర్చోబెట్టారు. అమ్మ తెల్లవారుజామునే లేచి ఐదు రకాల అన్నాలు చేసింది. పులిహోర, కొబ్బరన్నం, నువ్వులన్నం, బెల్లమన్నం, పెరుగన్నం. వీధిలోని ఆడవాళ్లంతా వచ్చి ఈరమ్మ ఒళ్లో బియ్యం పోసి, చేతులకు ఆకుపచ్చ గాజులు తొడిగారు. కడుపుతో ఉన్న పిల్లకు గాజులు బిగుతుగా పట్టాలి. ఈరమ్మ చెయ్యి పైకెత్తగానే అవి జరజరా మోచేతి దాకా జారిపోయాయి.

అమ్మ కొబ్బరన్నం ముద్ద కలిపి నోట్లో పెట్టింది. ఈరమ్మ నమిలింది. నములుతూనే ఉంది. చివరికి అరచేతిలోకి ఉమ్మేసి, తప్పు చేసినట్టు నవ్వింది.

"వద్దుమా. ఆకలైతా లేదు."

"కడుపుతో ఉండేదానికి ఆకలి కాకపోవడమేందే?" అంది అమ్మ.

"పొద్దున్నుంచి ఎండలోనే ఉంటి గదా. బావ కనిపెట్టిన పూత ఉంది వీపుకి. కడుపు నిండే ఉంది."

"అదృష్టవంతురాలివి తల్లీ, పొయ్యి ముందర చచ్చే పని లేదు" అని పక్కింటి ఆవిడ అంటే అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఈరమ్మ మెడ కింద ఎముకలు రెండూ పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఏడో నెల అని చెప్తే తప్ప తెలియని కడుపు. నేను వరండాలోకి చూశాను. అక్కడ ఈ పూతను కనిపెట్టిన మహానుభావుడు, డాక్టర్ హంపయ్య, అనగా నా మొగుడు, పులిహోర రెండోసారి పెట్టించుకుంటున్నాడు.

ఆయనా నేనూ ఎమ్మెస్సీ వృక్షశాస్త్రంలో ఒకే బెంచీ. అందుకే ఆయనకు నేను ఉరుకుందను, నాకు ఆయన హంపయ్య, మా మధ్య నువ్వు అన్న మాటే గానీ మీరూ గీరూ లేవు. చదువయ్యాక నేను ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పుకోవడానికి వచ్చాను. హంపయ్య నాచు పట్టుకుని కూర్చున్నాడు. నీళ్ల తొట్టి గోడలకు పట్టే పచ్చటి నాచే, ఇంకేం కాదు. ఆ కణాలను మనిషి చర్మంలో చావకుండా బతికించే ఉపాయం ఆయనకు దొరికింది. వీపుకీ భుజాలకీ ఒకసారి పూస్తే కణాలు చర్మంలో నాటుకుంటాయి. ఎండలో నిలబడితే ఆకులాగే చక్కెర తయారుచేసి నెత్తురులో కలుపుతాయి. దానికి కంపెనీ వాళ్లు సూర్యాన్నం అని పేరు పెట్టారు. పేరు వినడానికి ఎంత బాగుందో చూడండి.

మొదట పూసింది ఎవరికి? కంపెనీ వాళ్లకా, వాళ్ల పిల్లలకా? ఊరి బయట సోలార్ పార్కులో ప్లేట్ల మీది దుమ్ము కడిగే ఆడకూలీలకు. మా ఈరమ్మ వాళ్లలో ఒకతె. పూత రాగానే పార్కులో అన్నం తినే షెడ్డు మూసేశారు. తినని వాళ్లకు భోజనం గంట దేనికని అదీ తీసేశారు. వీపు తెరిచి ఉండే యూనిఫాం కుట్టించారు. సూపర్‌వైజర్లు అటుగా వస్తే కొంగు కప్పుకోబోయిన వాళ్లకు 'ఎండ అడ్డం పడుతోంది, తియ్' అని గదమాయింపు. పొద్దున గేటు దగ్గర వరసగా నిలబెట్టి వీపులు చూసి లోపలికి పంపుతారు. పచ్చగా ఉంటేనే పని.

అది చాలదన్నట్టు, తరవాతి వంతు బడి పిల్లలదని చెప్పుకుంటున్నారు. మధ్యాహ్న భోజనం బదులు పూత. మునిసిపాలిటీ మైదానంలో పెద్ద సభ పెట్టి ప్రారంభిస్తారట.

*

మా కాలేజీలో కొత్త పిల్లలు చేరిన వారం అది. వృక్షశాస్త్రానికి ఆ ఏడాది చేరింది గుప్పెడు మందే. తిండికి మొక్క అక్కర్లేదని టీవీలో రోజూ చెప్తుంటే ఆ చదువు ఎవరికి కావాలి? ఏటా మొదటి పాఠంలో నేను ఒకే ప్రశ్న అడుగుతాను, మొక్కలు మనకేం ఇస్తాయని. పిల్లలు తిండి, గాలి, బట్ట, మందు, కలప అని చెప్తారు. ఆ రోజూ చెప్పారు. అప్పుడు వెనక బెంచీలోంచి రజియా అనే పిల్ల లేచింది.

"మేడం, అందులో తిండి తీసేయాల గదా ఇప్పుడు. మా పిన్నమ్మ సోలార్‌లో పనికి పోతాది. ఆయమ్మ ఏమీ తినదు."

ఎగతాళి చేయడం లేదు పిల్ల. నిజంగానే అడిగింది. అందుకే నాకు ఇంకా మండింది, ఆమె మీద కాదు.

"పదండి బయటికి" అన్నాను.

మా ల్యాబు వెనక ఖాళీ జాగాలో ఆముదం మొక్కలు వాటంతటవే మొలిచి మనిషెత్తు పెరుగుతాయి. అందులో ఒకదాన్ని చూపించి ఆకులన్నీ కోయమన్నాను. వాటిని వరండాలో గచ్చు మీద ఒకదాని పక్కన ఒకటి, సందు లేకుండా పరవమన్నాను. పిల్లలు నవ్వుకుంటూ మొదలుపెట్టారు. పరుస్తూ పోతే ఆకులు వరండా ఈ చివర నుంచి మెట్ల దాకా వచ్చాయి. నవ్వులు తగ్గాయి.

"రజియా, ఆ ఆకుల పక్కన బోర్లా పడుకో."

పడుకుంది. అంత పచ్చదనం పక్కన ఆ పిల్ల వీపు జానెడు కనబడింది.

"ఇది ఒక్క మొక్క. ఇది నడుస్తుందా?" అని అడిగాను.

"లేదు మేడం."

"బిందె మోస్తుందా? ప్లేట్లు కడుగుతుందా? మాట్లాడుతుందా? నెత్తురు వేడిగా ఉంచుకోవాలా దానికి?"

"లేదు మేడం."

"ఉన్నచోటే నిలబడి ఊరికే పెరగడానికి దానికి ఇంత ఆకు కావాలి. మరి మనిషి రోజంతా పని చేయాలంటే ఎంత ఆకు కావాలి? మనం తినే జొన్నలు, కందులు, వేరుశనగలు, అవన్నీ ఎకరాలకు ఎకరాల ఆకులు నెలల తరబడి ఎండలో కూర్చుని చేసిన వంట. ఆ వంటను ఒక వీపు చేస్తుందా?"

రజియా లేచి కూర్చుంది. జుట్టులో ఆకు తొడిమ ఒకటి ఇరుక్కుంది. ముఖం పాలిపోయింది.

"మరి మా పిన్నమ్మ ఏం తిని బతుకుతాంది మేడం?"

"తన కండ తనే తింటోంది" అన్నాను.

ఆ మాట ఆ పిల్లకు చెప్తున్నాను గానీ నా కళ్ల ముందు ఉన్నది మోచేతి దాకా జారిన గాజులు. తరవాతి క్లాసు చెప్పలేకపోయాను. ఒంట్లో బాగాలేదని చెప్పి తిన్నగా ఈరమ్మ ఇంటికి వెళ్లాను.

*

ఈరమ్మ మొగుడు బసవరాజు లారీ మీద పోయి ఉన్నాడు. ఈరమ్మ వాకిట్లో ఎండకు వీపు పెట్టి కూర్చుని బట్టలు పిండుతోంది. చేటలో కందిపప్పు, పొయ్యి మీద ఏమీ లేదు.

"ఈరోజు ఏం తిన్నావే?"

"ఈరోజా..." అని ఆలోచించింది. ఆలోచించాల్సి వచ్చిందంటే చూడండి. "ఆయన ఉంటే వండుతా, ఆయనకు పెడతా. లేకుంటే గుర్తుండదు."

నేనే రాగి జావ కాచి, చల్లార్చి, గ్లాసు చేతికిచ్చి ఎదురుగా కూర్చున్నాను. నా కోసం తాగింది. సగం తాగాక అంతా వెళ్లగక్కింది. వీపు నిమురుతుంటే నా అరచేతికి ఆ పూత తగిలింది, చల్లగా, నున్నగా. దాని కింద ఎముకలు లెక్కపెట్టొచ్చు.

"మొదట్లో పరీక్ష పెట్టినప్పుడు మాత్రం మీరెవ్వరూ బరువు తగ్గలేదని రాశారు" అన్నాను. పూతను అమ్మకానికి పెట్టే ముందు కంపెనీ వాళ్లు కొందరు ఆడకూలీలను ఎండాకాలమంతా హాస్టల్లో ఉంచి, పొద్దున గ్లాసు గంజి తప్ప ఏమీ పెట్టకుండా, రోజూ తూచి చూశారు. ఎవరి బరువూ తగ్గలేదు. ఆ ఒక్క ముక్క మీదే ఈ వ్యాపారమంతా లేచింది. ఆ హాస్టల్లో ఈరమ్మ కూడా ఉంది.

ఈరమ్మ మూతి తుడుచుకుని నవ్వింది. "బరువు యాడ తగ్గుతాదక్కా? అందరం రొట్టెలు కొంచబోయింటిమి గదా."

"ఏం రొట్టెలు?"

"జొన్నరొట్టెలు. ఎండబెట్టినవి. కారంపొడి. ఊరికి పోతా రొట్టెల మూట లేకుండా ఎవురన్నా పోతారా?"

మా వైపు అంతే. ఆడది నాలుగు రోజులు ఎక్కడికి పోయినా ఎండిన జొన్నరొట్టెల మూట చంకలో ఉండాల్సిందే. నెల్లాళ్లున్నా చెడవు. మూట అయిపోతే ఊరి నుంచి వచ్చే వాళ్లు ఇంకోటి తెచ్చిస్తారు.

"నీకు ఆకలి కాలేదంటివి కదే?"

"ఆకలి కాకున్యా... పదిమంది కూచున్నాంక ఒకతి మూట ఇప్పుతాది, తలా ఇంత తుంచి చేతిలో పెడతాది. వద్దంటే ఏమనుకుంటారు? నేనూ నా మూట ఇప్పుతా. మాటల మధ్యన అట్ల పోతానే ఉంటాది. ఇప్పుడు పార్కులో కూచునేకి షెడ్డూ లేదు, గంటా లేదు."

"మరి సార్లు అడిగితే?"

"తినలేదంటిమి. తిన్నామంటే ఇంటికి పంపిస్తారు గదా." ఆమెకు అందులో దాచాల్సింది ఏమీ కనబడలేదు. "బావ ఒకరోజు పరుపుల కింద తునకలు చూసినాడు. చూసి కూడా ఏమీ అనలేదు పాపం. మంచోడు బావ."

మంచోడు! నా చెవుల్లోంచి పొగలొచ్చాయి. గ్లాసు కింద పెట్టి లేచాను.

*

హంపయ్య ల్యాబు నిండా గాజు తొట్లు. పచ్చటి నీళ్లలో బుడగలు పైకి లేస్తుంటాయి. కొత్తగా వచ్చిన వాళ్లు ఆహా అంటారు. నేను తిన్నగా ఆయన బల్ల దగ్గరికి పోయాను.

"హాస్టల్లో పరుపుల కింద రొట్టె తునకలు చూశావా, లేదా?"

ఆయన కలం కింద పెట్టాడు. ఏ రొట్టె అని అడగలేదు. అక్కడే నాకు జవాబు దొరికింది.

"కొద్దిగా ఉన్నాయి ఉరుకుందా. ప్రయోగాన్ని తారుమారు చేసేంత కాదనుకున్నాను."

"తూచావా?"

"లేదు."

"ఆడవాళ్లను రోజూ తూచావు. వాళ్లు తిన్నదాన్ని తూచలేదు. నువ్వేం సైంటిస్టువి? సంతలో కూరగాయలమ్మే మనిషైనా రెండు వైపులా చూసుకుంటుందే!"

"అప్పటికే కంపెనీ వాళ్లు అందరికీ చెప్పేశారు. మళ్లీ మొదట్నుంచీ చేద్దామంటే ల్యాబు మూసేస్తామన్నారు. తరవాత సరిచేద్దాంలే అనుకున్నా."

"సరే. పూత చాలినంత తిండి పెట్టడం లేదు. మరి ఆకలి ఎందుకు పోతోంది?"

ఆయన తొట్టి వైపు చూశాడు. అటే చూస్తూ చెప్పాడు. ఆ నాచు కణాలు చర్మంలో బతకడానికి ఒక పదార్థం వదులుతాయట. అది నెత్తురులో కలిసి, కడుపు నిండిందని మెదడుకు చెప్తుందట. కడుపులో ఏమీ లేకపోయినా చెప్తుందట. మొదట్లో వీళ్లు అది అదృష్టమనుకున్నారట.

"ఏ మొక్కైనా పక్కవాడి కోసం వండిందా హంపయ్యా? ఏ బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం మనం? ఆకు తన కోసం వండుకుంటుంది, తన గింజ కోసం దాచుకుంటుంది. దాన్ని మనం లాక్కుని తింటున్నాం, వేల ఏళ్లుగా. అందుకే దున్నుతాం, నీళ్లు పెడతాం, మళ్లీ విత్తుతాం. నువ్వు ఆ నాచును తెచ్చి ఆడదాని వీపు మీద కూర్చోబెట్టావు. అది హాయిగా దాని బతుకు అది బతుకుతోంది. నా చెల్లెలు చస్తోంది!"

"పూత తీసే మందు ఉంది" అన్నాడు చిన్నగా. "ఒక్కరోజులో పోతుంది. రేపే తీసేస్తాను."

తీసేవాడే. ఒప్పుకోనిది ఈరమ్మ. "పూత లేకుంటే పొద్దున గేటు కాడ్నే ఆపేస్తారక్కా" అంది. "బిడ్డ పుట్టినాంక తీపించుకుంటాలే. ఒక్క రెండు నెల్లు." నేను తిట్టాను, బతిమాలాను, మళ్లీ తిట్టాను. అమ్మ చేత చెప్పించాను. "నాకేం నొప్పా బాధా, ఏమీ లేదు గదా. ఊరికే భయపడతావు నువ్వు" అని నన్నే ఓదార్చింది. నొప్పి ఉంటే బాగుండేది. ఆకలి అనే నొప్పి ఉంటే ఆ పిల్ల ఎవరితో చెప్పించుకోకుండానే తినేది.

*

ప్లేట్ల వరసల మధ్యన పడిపోయిందని ఫోనొచ్చేసరికి నేను క్లాసులో ఉన్నాను. ఆసుపత్రికి పోయేసరికి లోపలికి తీసుకుపోయారు. డాక్టరమ్మ బయటికొచ్చి, ఈమెది కరువులో చూసే ఒళ్లులా ఉంది, మీరంతా ఏం చేస్తున్నారని నా మీద కేకలేసింది. వేయనీ. ఆ రోజు ఎవరైనా నన్ను తిడితే వినాలనే ఉంది నాకు.

ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. రెండు అరచేతులు దగ్గర పెడితే సరిపోయేంత. గాజు పెట్టెలో పడుకోబెట్టారు. ఊపిరి తీసుకుంటోంది, వేళ్లు కదిలిస్తోంది, కళ్లు కూడా తెరిచింది. ఏడవదు.

"పాలకు వెతుక్కోవడం లేదండి" అంది నర్సు రెండోనాడు. "ఇంత చిన్న పిల్లలైనా పెదాల మీద వేలు పెడితే నోరు తిప్పుతారు. ఈమె అసలు తిప్పదు."

హంపయ్య ఈరమ్మ పూత తీయడానికి మందు తెచ్చి అక్కడే ఉన్నాడు. ఆ మాట వినగానే పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు. నాకూ అర్థమైంది. తల్లి నెత్తురులోని ఆ పదార్థమే బిడ్డకూ పోయింది. పుట్టకముందే ఆ పసిగుడ్డుకు కడుపు నిండిందని చెప్పేశారు.

"ఎప్పటికి పోతుంది అది?"

"పోవాలి... కరిగిపోవాలి. తెలీదు ఉరుకుందా. పిల్లల మీద మేం పరీక్షించలేదు."

"పరీక్షించలేదా? ఈ వారంలో బళ్లలో పిల్లలకు పూయబోతున్నారు కదరా!"

వార్డంతా ఇటు తిరిగింది. మొగుణ్ని రా అన్నాను. అనాల్సిందే అన్నాను.

"లే" అన్నాను. "ఆ సభకు నువ్వు రావాలి. వచ్చి చెప్పాలి. చెప్పకపోతే ఈ జన్మలో నా వంట తినవు."

*

మైదానంలో షామియానా వేశారు. ఆకుపచ్చ బెలూన్లు కట్టారు. సోలార్ ఆడవాళ్లను ముందు వరసల్లో కూర్చోబెట్టారు, వీపులు ఫొటోల్లోకి రావాలని. వేదిక మీద కంపెనీ పెద్దమనుషులు, అధికారులు. వేదిక వెనక గుడ్డ కట్టి అతిథులకు భోజనాలు వండుతున్నారు. ఏలకుల వాసన, నెయ్యి వాసన మైకు దాకా వస్తోంది.

హంపయ్యను మాట్లాడమని పిలిచారు. ఆయన మైకు ముందుకు పోయి, కొన్ని పరిమితులు, మరింత అధ్యయనం అంటూ మొదలుపెట్టాడు. వినేవాళ్లకు ఏమీ అర్థం కాని ఆ మాటలు ఆయనకు బాగా వచ్చు. నేను మెట్లెక్కి మైకు లాక్కున్నాను.

"ఒక్క మాట అడిగి దిగిపోతాను. ఈ వేదిక మీద పూత వేసుకున్న వాళ్లెవరు? లేచి వీపు చూపించండి."

ఎవరూ కదల్లేదు. కంపెనీ పెద్దాయన నవ్వబోయాడు.

"ఇంత మంచి తిండి కదా, మీ ఇంట్లో పిల్లలకైనా వేశారా? లేదా? మరి వెనకాల ఉడుకుతున్నది ఎవరికి? మీకు బిర్యానీ, మా పిల్లలకు ఎండా?"

ఎవరో మైకు ఆపేశారు. పరవాలేదు, నా గొంతుకు మైకు అక్కర్లేదు. రెండువందల మంది కూర్చున్న హాల్లో వెనక బెంచీకి వినబడేలా పాఠం చెప్పినదాన్ని. ఆసుపత్రిలో పాల కోసం నోరు తెరవని బిడ్డ గురించి చెప్పాను. హాస్టల్లో రొట్టెల గురించి చెప్పాను.

"అబద్ధం" అన్నాడు కంపెనీ పెద్దాయన. "వాళ్లెవరూ తినలేదు. అందరూ సంతకాలు చేశారు."

హంపయ్య అప్పుడు మాట్లాడాడు. ఈసారి అందరికీ అర్థమయ్యే తెలుగులో, మామూలుగా. "తిన్నారు. నేను చూశాను. చూసి దాచాను. ఈ పూత తిండి పెట్టదు, ఆకలిని చంపుతుంది. కనిపెట్టినవాణ్ని నేనే చెప్తున్నాను, పిల్లలకు పూయొద్దు."

ముందు వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది. రజియా వాళ్ల పిన్నమ్మేనని తరవాత తెలిసింది. వీపు మీద కొంగు నిండుగా కప్పుకుని, "తిన్న్యాం సార్" అంది. "నేను తిన్న్యా. ఈయమ్మ కూడా తిన్న్యాది." పక్కనావిడ లేచింది. ఆమె పక్కనావిడ లేచింది. ఒక్కొక్కతే లేస్తూ కొంగులు కప్పుకుంటుంటే ఫొటోలు తీసేవాళ్లు కెమెరాలు దించేశారు.

ఆ రోజు పిల్లలకు పూత వేయలేదు. తాత్కాలికంగా వాయిదా అని రాశారు. తాత్కాలికంగా! సోలార్ పార్కులో అన్నం షెడ్డు ఇంకా తెరవలేదు. గేటు దగ్గర వీపులు చూడటం మాత్రం మానుకున్నారు, ఎందుకంటే సభ అయిన మర్నాటి నుంచి ఆడవాళ్లంతా మా కాలేజీ ల్యాబుకు వచ్చి పూత కడిగించుకున్నారు. హంపయ్య పంపిన మందుతో కడిగింది నా విద్యార్థినులే. వచ్చినవాళ్లు కడిగించుకుని ఊరికే పోకుండా వరండాలో కూర్చుని మూటలు విప్పి, మా పిల్లలకు కూడా తలా ఇంత తుంచి పెట్టారు.

*

ఈరమ్మకు మాత్రం ఆకలి రాలేదు. పూత పోయి వీపంతా గోధుమరంగు మచ్చలు మిగిలాయి. డాక్టరమ్మ వేళకు ఇంత అని చెప్తే, మందు మింగినట్టు కళ్లు మూసుకుని మింగేది. బిడ్డకు ఉగ్గుగిన్నెతో చుక్క చుక్క పోసేవాళ్లం. మింగితే మింగేది, లేకపోతే పెదవి చివరి నుంచి కారిపోయేది. అమ్మ ఉగ్గుగిన్నె పట్టుకుని మొక్కని దేవుడు లేడు. నేను మొక్కలేదు. వార్డు గుమ్మం దగ్గర రోజూ వచ్చి నిలబడే హంపయ్యతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఇంట్లో కూడా ఆయన అన్నం ఆయనే వండుకుంటున్నాడు. పాపం అనిపించలేదు నాకు.

ఆ మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఈరమ్మ గోడకు ఆనుకుని బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అమ్మ పాలు కలుపుతోంది. బిడ్డ మొహం ముడుచుకుంది. కడుపు నొప్పేమోనని వంగి చూశాను. ముడుచుకుని, ఎర్రబడి, నోరు ఇటు తిప్పి అటు తిప్పి, ఒక్కసారిగా కేరుమంది.

ఏం ఏడుపండీ అది! ఇంతున్న పిల్లలోంచి అంత గొంతు ఎక్కడినుంచి వచ్చిందో. పక్క మంచాల వాళ్లు లేచి కూర్చున్నారు. నర్సు పరిగెత్తుకుంటూ వచ్చి, "ఏమైందమ్మా, ఊరుకోబెట్టండి" అంది.

"ఏడవనీ!" అని అరిచాను. "ఎవరూ ఊరుకోబెట్టొద్దు. ఏడువు తల్లీ, ఇంకా గట్టిగా ఏడువు!"

అమ్మ చేతిలో ఉగ్గుగిన్నె ఒలికిపోయింది. ఈరమ్మ బిడ్డను రొమ్ముకు పెట్టుకుంది. బిడ్డ వెతుక్కుంది. దొరకలేదని మళ్లీ కోపంగా ఏడ్చింది. దొరికాక పట్టుకుంది, వదలలేదు. ఆ చప్పరింపు వార్డంతా వినబడింది. వచ్చే చుక్క ఎంతో, దానికెంత పంతమో.

ఈరమ్మ తల వంచి బిడ్డనే చూస్తోంది. చూస్తూ చూస్తూ ఒక చెయ్యి తన పొట్ట మీద పెట్టుకుంది. ఎక్కడో ఏదో కుట్టినట్టు మొహం పెట్టి నా వైపు చూసింది.

"అక్కా."

"ఏమే? కుట్లు లాగుతున్నాయా?"

"కాదు. నాగ్గూడ ఆకలైతాంది."

నాకు ఏడుపు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఏడుస్తూనే గుమ్మం వైపు తిరిగాను. హంపయ్య అక్కడే నిలబడి ఉన్నాడు, చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంటూ.

"నిలబడి చూస్తావేం?" అన్నాను. "వినబళ్లేదా? దానికి ఆకలేస్తోందంట. పో, అన్నం పట్రా."